నీలిగొందిలో మైనస్ పద్దెనిమిది

నీలిగొందిలో మంచు పడదు. ఆ సంగతి నీలిగొంది మేకలకి కూడా తెలుసు. మన్యం కొండల్లో ఉన్న ఊరు గనక మార్గశిర మాసంలో తెల్లవారగట్ల కాస్త వణుకు పుడుతుంది, పొగమంచు కమ్మితే పక్కింటి గుమ్మం కనపడదు, అంతే. పది కొట్టేసరికి ఎండ చురుక్కుమంటుంది. కప్పుకున్న దుప్పటి తీసి దండెం మీద పడేస్తారు. కానీ ప్రభుత్వం వారి రికార్డులో మాత్రం నీలిగొందిలో ఏడాది పొడుగునా, రోహిణీ కార్తెతో సహా, మైనస్ పద్దెనిమిది డిగ్రీలు.

ఇందులో ప్రభుత్వం తప్పేమీ లేదు. తప్పంతా తాళానిది.

అయిదేళ్ళ కిందట వాతావరణం కొలిచే పథకం ఒకటి కొండెక్కి వచ్చి, ఊరికో థర్మామీటరు, ఒక రిజిస్టరు ఇచ్చి దిగిపోయింది. కొలిచే మనిషిని మాత్రం ఇవ్వలేదు. మనిషి లేని పనులన్నీ ఆరోగ్య కేంద్రం నర్సు వంతల చిలకమ్మ నెత్తిన పడటం ఆ ఊరి ఆనవాయితీ. జనాభా లెక్క ఆవిడదే, పందుల లెక్క ఆవిడదే, కట్టని మరుగుదొడ్లకి ఫొటోలు తీసేదీ ఆవిడే. వాటి సరసన థర్మామీటరు కూడా చేరింది. దానితో వచ్చిన కాగితంలో రెండే ముక్కలు. "ఈ పరికరము ప్రభుత్వ ఆస్తి యగుటచే సర్వకాల సర్వావస్థలయందు తాళము వేయబడిన పెట్టెలో భద్రపరచవలెను. ప్రతిదినము ఉదయము ఎనిమిది గంటలకు అందలి అంకెను నమోదు చేయవలెను."

ఆరోగ్య కేంద్రంలో బీరువా తలుపు వేలాడుతోంది. మందుల పెట్టెకి గొళ్ళెం ఊడి రెండేళ్ళయింది. సరిగ్గా తాళం పడే పెట్టె ఒక్కటే ఉంది. అది ఐస్ ప్యాకులు గడ్డకట్టించే ఫ్రీజరు. చిలకమ్మ థర్మామీటరుని గుడ్డలో చుట్టి అందులో పెట్టింది. రోజూ ఎనిమిదింటికి తాళం తీసింది, అంకె చూసింది, రాసింది, తాళం వేసింది. కరెంటు పోయిన రోజుల అంకెల్ని పై ఆఫీసే రాత పొరపాటని మైనస్ పద్దెనిమిదికి దిద్దేసేది.

ఆవిడేం తెలివితక్కువది కాదు. మొదటి నెలలోనే పైకి ఉత్తరం రాసింది, "అయ్యా, ఇది ఊరి చలి కాదు, ఫ్రీజరు చలి" అని. ఆ ఉత్తరం మూడు ఆఫీసులు తిరిగి, ఎర్ర సిరాతో వెనక్కి వచ్చింది. "అంకె నమోదు చేయుట మాత్రమే మీ విధి. అంకెపై అభిప్రాయము అడుగబడలేదు." అడగని వాళ్ళకి చెప్పడం మనకెందుకని చిలకమ్మ ఊరుకుంది. అయిదేళ్ళు ఊరుకుంది. ఆ ఊరుకోవడమే కొంప ముంచింది.

ఒక గురువారం పొద్దున్న పదకొండింటికి జీపు ఒకటి వచ్చి ఆరోగ్య కేంద్రం ముందు ఆగింది. అందులోంచి కోతిటోపీ, ఉన్ని కోటు, మేజోళ్ళు, చేతి తొడుగులు దిగాయి. వాటన్నిటి మధ్య ఎక్కడో పరాంకుశం గారున్నారు. ఆయన కొత్తగా పెట్టిన హిమక్రీడల అభివృద్ధి సంస్థకి ప్రత్యేకాధికారి. ముక్కు చివర నుంచి చెమట బొట్లు బొట్లుగా కారుతోంది.

"దక్షిణాదిన అతి శీతల గ్రామం ఇదేనా అమ్మా?" అన్నారు ఆయన, చేతి తొడుగుతో చెమట తుడుచుకుంటూ.

"ఎవరు చెప్పారండి?"

"మీరే. వెయ్యిన్నీ ఎనిమిది వందల ఇరవై ఆరు సార్లు చెప్పారు." రిజిస్టరు నకళ్ళు తీసి బల్ల మీద పెట్టారు. ప్రతి పేజీ కింద చిలకమ్మ సంతకం. "మన సంస్థ ఇక్కడ హిమక్రీడా కేంద్రం నెలకొల్పడానికి నిర్ణయించింది. యువతీ యువకులు పాదాలకు బల్లలు కట్టుకుని మంచు వాలుపై జారెదరు. చలి దేశాల నుండి కూడా వచ్చి జారెదరు."

చిలకమ్మ ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పేసింది. ఫ్రీజరు తలుపు తీసి థర్మామీటరు చూపించింది కూడా.

పరాంకుశం గారు దాన్ని చూశారు, రిజిస్టరుని చూశారు, చిలకమ్మని చూశారు. "చూడండమ్మా. ఇక్కడ రెండే అవకాశాలున్నాయి. ఒకటి, నీలిగొందిలో మైనస్ పద్దెనిమిది ఉంది. రెండు, మీరు అయిదేళ్ళుగా ప్రభుత్వానికి తప్పుడు లెక్క సమర్పించారు. రెండోది నేరం. మీరేమంటారు?"

చిలకమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. వీధిలో కోళ్ళు ఎండకి రెక్కలు విప్పుకుని పడుకున్నాయి.

"చలిగానే ఉందండి" అంది.

"వణుకు వస్తోందా?"

"మిమ్మల్ని చూశాక వస్తోందండి."

"సంతోషం" అన్నారాయన, ఉన్ని కోటు బొత్తాం ఇంకొకటి పెట్టుకుంటూ.

అక్కణ్ణుంచి పనులు పరుగులు తీశాయి. ఊరి నుంచి మెట్టగుడ అనే గూడేనికి ఎక్కే ఏటవాలుని చదును చేసి, "జారుడు క్షేత్రం" అని బోర్డు పెట్టారు. మెట్టగుడ జనం దిగి వచ్చే దారి అదే. ఇకపైన వాళ్ళు చుట్టూ తిరిగి రావాలి. ఎందుకయ్యా అంటే మంచులో నడిస్తే ప్రమాదం కదా! నీలిగొందిని శీతల మండలంగా ప్రకటించి దండోరా వేయించారు. స్వెట్టరు లేకుండా వీధిలో తిరగకూడదు. పశువులకి గోనెసంచి కప్పాలి. పగలు పదకొండింటికి మంచుచరియల హెచ్చరిక సైరను మోగుతుంది, మోగినప్పుడు అందరూ బోర్లా పడుకోవాలి. పొలాల్లో రైతులు కోతిటోపీలు పెట్టుకుని నాగలి పట్టి, పదకొండింటికి బోర్లా పడుకునేవారు. ఎద్దులు మాత్రం నిలబడేవి. వాటికి రూల్సు చదవడం రాదు.

మంచు సంగతి చూడ్డానికి ఒక నిపుణుడు కావాలన్నారు. "మంచుతో కనీసం పదిహేనేళ్ళ అనుభవం ఉండవలెను" అని ప్రకటన ఇచ్చారు. దరఖాస్తు ఒక్కటే వచ్చింది. సముద్రపొడ్డున సైకిలు మీద ముప్ఫై ఏళ్ళుగా ఐసు గోళా అమ్ముకునే జగ్గారావుది. ఆయన్ని ముఖ్య హిమ సలహాదారుగా నియమించి, బల్లా, కుర్చీ, పేరు రాసిన పలకా ఇచ్చారు. మనిషి మంచివాడు. మొదటి రోజు సాయంత్రమే ఆరోగ్య కేంద్రానికి వచ్చి చిలకమ్మ దగ్గర వాపోయాడు.

"సిస్టరుగారూ, నాకు తెలిసిందల్లా ఐసు కోరడం, రంగునీళ్ళు పోయడం. కొండంతా మంచు పరవమంటే నావల్ల ఎక్కడవుద్దండి?"

"మరి వాళ్ళతో చెప్పకపోయావా?"

"చెప్పాను. వినయం నిపుణుల లక్షణం అన్నారు."

ముందు బూరుగుదూది పరిచారు. చూడ్డానికి నిజంగా మంచులాగే ఉందండోయ్! పట్నం నుంచి మొదటి సందర్శకులు వచ్చారు. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. నిబంధన ప్రకారం స్వెట్టర్లు, కోట్లు, బూట్లు తొడిగి, కాళ్ళకి చెక్కబల్లలు కట్టి, మిట్ట మధ్యాహ్నం పన్నెండింటికి వాలు మీద నిలబెట్టారు. పిల్లవాడు ఆ తెల్లటిది ఇంత తీసి నోట్లో పెట్టుకుని, "నాన్నా, ఇది పరుపులోది" అన్నాడు. వాళ్ళ నాన్న ఒక్క అడుగు జారాడు, రెండో అడుగులో తల తిరిగి పడ్డాడు. నలుగురు మోసుకొచ్చి చిలకమ్మ ముందు పడుకోబెట్టారు.

చిలకమ్మ కోటు విప్పింది, స్వెట్టరు విప్పింది, దాని కింద ఇంకో స్వెట్టరు విప్పింది. మొహాన నీళ్ళు కొట్టి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టించింది. రిజిస్టరు తీసి "వడదెబ్బ" అని రాయబోతుంటే పరాంకుశం గారు పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నంత పని చేశారు.

"మైనస్ పద్దెనిమిదిలో వడదెబ్బ ఏమిటమ్మా! శాస్త్రవిరుద్ధం. 'అతిశీతల బాధ' అని రాయండి."

"మరి వైద్యం?"

"వైద్యం మీ ఇష్టం. రోగం మాత్రం మాది."

ఆ వేసవిలోనే, అంటే ఆ శీతకాలంలోనే, నీలిగొందిలో పదకొండు మందికి అతిశీతల బాధ కలిగింది. అందరికీ విసనకర్రతో విసిరితే నయమయింది.

తర్వాత గాలి వచ్చి దూదంతా ఎగిరిపోయింది. మర్నాటికి ఊళ్ళో ప్రతి ఇంటి చూరు మీదా, ప్రతి గేదె వీపు మీదా హిమక్రీడా కేంద్రం కనిపించింది. జగ్గారావు కాళ్ళావేళ్ళా పడితే రేవు నుంచి మూడు లారీల ఐసు తెప్పించారు. అది చేపల ఐసు. పరిచిన గంటకి జారుడు క్షేత్రం మీద తెల్లగా మెరుస్తూ ఐసూ, ఎర్రగా మెరుస్తూ రొయ్యలూ బయటపడ్డాయి. చుట్టుపక్కల పది ఊళ్ళ కుక్కలు, పిల్లులు, కాకులు, గద్దలు హిమక్రీడలకి తరలివచ్చాయి. ఆ నెల నివేదికలో సందర్శకుల సంఖ్య అమాంతం పెరిగింది. అందులో రెక్కలున్న వాళ్ళెంతమందో, తోకలున్న వాళ్ళెంతమందో వేరుచేసి చూపించే గడి ఫారంలో లేదు.

ఇదంతా చిలకమ్మకి తమాషాగానే ఉండేది. రాత్రి భోజనాలప్పుడు చెప్పుకుని నవ్వుకునేది కూడా. ఆ శనివారం దాకా.

శనివారం పొద్దున్న పరాంకుశం గారు ఒక కాగితం పట్టుకుని వచ్చారు. సోమవారం మంత్రిగారు స్వయంగా హిమక్రీడా కేంద్రం సందర్శనకి వస్తున్నారు. నీచు వాసన లేని, స్వచ్ఛమైన మంచు కావాలి. ఊరు మొత్తానికి మంచు పుట్టేది ఒక్క చోటే. "ఆరోగ్య కేంద్రమునందలి హిమపేటికను హిమోత్పత్తి నిమిత్తము జారుడు క్షేత్రమునకు తరలించవలెను" అని ఉంది కాగితంలో.

చిలకమ్మ నవ్వు ఆగిపోయింది.

మెట్టగుడలో కిల్లో సుబ్బి అనే పిల్ల ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయి. రెండేళ్ళ కిందట ఇదే రోజుల్లో, రెండు రోజులు కరెంటు పోయి ఐస్ ప్యాకులు గడ్డకట్టలేదు. సుబ్బి కొడుక్కి తట్టు టీకా వేద్దామని చిలకమ్మ టీకాల పెట్టె మోసుకుని మెట్టగుడ ఎక్కేసరికి లోపల ప్యాకులు నీళ్ళయి, మందు వేడెక్కి పాడయింది. పాడయిన మందు పొడవకూడదు. "వచ్చే బుధవారం వస్తానే సుబ్బీ" అని చెప్పి దిగి వచ్చేసింది. ఆ వారంలోనే గూడేనికి తట్టు వచ్చింది. అన్నట్టే ఆ బుధవారం చిలకమ్మ వెళ్ళింది గానీ సుబ్బి కొడుకు లేడు. సుబ్బి ఏమీ అనలేదు. ఒక్క మాటా అనలేదు. అదే చిలకమ్మకి ముల్లయి ఉండిపోయింది.

తర్వాత సుబ్బికి ఆడపిల్ల పుట్టింది. దొయిమతి అని పేరు పెట్టారు. ఇప్పుడు దానికి తొమ్మిది నెలలు నిండాయి. తట్టు టీకా ఈ బుధవారమే పడాలి. మెట్టగుడకి అవతల గూడెంలో ఇద్దరు పిల్లలకి అప్పుడే ఒంటి నిండా తట్టు లేచిందని కబురు కూడా వచ్చింది.

"సార్, ఫ్రీజరు లేకపోతే ప్యాకులు గడ్డకట్టవు. ప్యాకులు లేకపోతే మందు కొండెక్కదు. పిల్లలండి బాబూ, పసిపిల్లలు! అవతల తట్టు లేచింది" అంది చిలకమ్మ.

"బుధవారం ప్రతివారం వస్తుందమ్మా. మంత్రిగారు రారు."

"తట్టు కూడా ప్రతివారం ఆగదండి!"

"మీరు భావోద్వేగంతో చూస్తున్నారు. నేను కార్యక్రమ పట్టిక ప్రకారం చూస్తున్నాను. అయినా మైనస్ పద్దెనిమిది ఉన్న ఊళ్ళో మీకు ఫ్రీజరెందుకు? ప్యాకులు కిటికీలో పెట్టండి, గడ్డకడతాయి."

ఎనిమిది మంది కలిసి ఫ్రీజరుని మోసుకుపోయారు. తాళంతో సహా, లోపలున్న థర్మామీటరుతో సహా. ఆరోగ్య కేంద్రం మీటరు నుంచి కొండ మీదికి వైరు లాగారు. ఫ్రీజరు ఉన్న చోట నేల మీద నలుచదరపు మరక మిగిలింది. చిలకమ్మ దాని పక్కన గోడకి చేరగిలబడి కూర్చుని ఏడ్చింది. ఏడ్చి, లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, మరకని తడిగుడ్డతో తుడిచింది.

ఆదివారం సాయంత్రం సుబ్బి పిల్లని ఎత్తుకుని చుట్టుదారిన దిగి వచ్చింది.

"సిస్టరమ్మా, బుధవారం వస్తావు కదేటి?" అంది. అంతే అడిగింది.

"వస్తానే" అంది చిలకమ్మ. ఎలా వస్తుందో మాత్రం ఆవిడకే తెలియదు.

సోమవారం పదకొండింటికి మంత్రిగారు తోలు కోటు, నల్ల కళ్ళద్దాలు, చెవుల మీదికి బొచ్చు టోపీతో దిగారు. వాలు మీద ఫ్రీజరుకి పసుపూ కుంకుమా రాసి బంతిపూల దండ వేశారు. జగ్గారావు తెల్లవారగట్లనుంచి కోరి కోరి, రెండు చాపలంత మేర తెల్లటి మంచు పరిచాడు. ఎండకి అది ఒక చాపంత అయింది. మంత్రిగారు ఉపన్యాసం మొదలుపెట్టేసరికి పీటంత అయింది. "నా చిన్నప్పటి నుంచీ మంచు అంటే ప్రాణం" అనేసరికి తడి అయింది. మంత్రిగారు ఆ తడి మీద బూటు పెట్టి, ఫొటోలు తీయించుకుని, సంతృప్తిగా తలాడించారు.

రిజిస్టరు పట్టుకుని చిలకమ్మ కూడా పక్కనే నిలబడింది. నిలబడమని ఉత్తర్వు.

"ఏదీ, ఆ మైనస్ పద్దెనిమిది ఒకసారి కళ్ళారా చూద్దాం" అన్నారు మంత్రిగారు.

పరాంకుశం గారు తాళం తీయించి, ఫ్రీజరులోంచి థర్మామీటరుని రెండు చేతులా ప్రసాదంలా తీసి ఆయన చేతిలో పెట్టారు. నిజంగానే మైనస్ పద్దెనిమిది. ఫొటోలు తీసేవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. ఇంతలో ఎర్ర గీత కదిలింది. మైనస్ పది. మైనస్ నాలుగు. సున్నా. మంత్రిగారు కళ్ళద్దాలు తీశారు. తొమ్మిది. పదిహేను. ఇరవై ఒకటి. పరాంకుశం గారు కోతిటోపీలోనే తెల్లబోయారు. ఇరవై ఎనిమిది దగ్గర గీత ఆగి, ఇంక నాకు ఓపిక లేదన్నట్టు ఊరుకుంది.

కింద ఎక్కడో మేక అరిచింది.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు మంత్రిగారు. "మూడు నిమిషాల్లో నలభై ఆరు డిగ్రీలు పెరిగింది!"

చిలకమ్మ ఒకడుగు ముందుకేసింది. "అయ్యా, అది ఊరి చలి కాదండి, అయిదేళ్ళుగా ఫ్రీజరులో..."

"భూతాపం!" అని అరిచారు పరాంకుశం గారు. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికింది. "భూతాపం సార్! ప్రపంచమంతటా వందేళ్ళలో ఒక డిగ్రీ పెరిగితేనే గగ్గోలు పెడుతున్నారు. మన నీలిగొందిలో మూడు నిమిషాల్లో నలభై ఆరు! ఇంతటి బాధిత గ్రామం భూమండలం మీద మరొకటి లేదు సార్. తమరి చేతిలోనే, తమరి సమక్షంలోనే సంభవించింది."

మంత్రిగారి మొహం గంభీరమైంది. మంచు లేకపోతే అవమానం గానీ, మంచు పోయిందంటే అది మహా విషాదం. ఆయన టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా తీశారు.

చిలకమ్మ నిజం అంతకు ముందు ఒకసారి ఉత్తరంలో రాసింది, ఒకసారి నోటితో చెప్పింది, ఇప్పుడు మూడోసారి మొదలెట్టింది. మూడుసార్లూ ఎవరికీ పట్టలేదు. ఆవిడ తలుపు తీసి ఉన్న ఫ్రీజరుని చూసింది. అందులోంచి తెల్లటి ఆవిరి ఎండలోకి పోతోంది. బుధవారానికి రెండు రాత్రులున్నాయి. సరే, వీళ్ళ భాషలోనే మాట్లాడదాం అనుకుంది. అబద్ధం మాత్రం ఒక్కటి కూడా ఆడకూడదనుకుంది.

"అయ్యా, ఒక్క మనవి. ఈ ఊళ్ళో చలి అంటూ ఏదన్నా మిగిలిందంటే అది ఈ పెట్టెలోనే మిగిలిందండి."

మంత్రిగారు పెట్టె వైపు తిరిగారు.

"తలుపు తీసి ఉంచితే అదీ పోతుందండి. ఎండలో పెడితే అసలు నిలవదు. నీడ పట్టున, మా కేంద్రంలో, దాని చోట దాన్ని పెట్టాలి. కరెంటు ఒక్క క్షణం పోకూడదు. పోయిందా, ఇంక మళ్ళీ రాదండి." ఆ చివరి మాట దగ్గర చిలకమ్మ గొంతు వణికింది. అది నటన కాదు. సుబ్బి కొడుకు గుర్తొచ్చాడు.

మంత్రిగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఎంత మాట అన్నావు తల్లీ! దక్షిణాది చివరి మంచు! ముందు ఆ తలుపు వేయండయ్యా!"

పదిమంది ఒక్కసారి ఎగబడి తలుపు వేశారు.

అక్కడికక్కడే ఉత్తర్వులు పుట్టాయి. నీలిగొంది హిమపేటికను అరుదైన ప్రకృతి సంపదగా ప్రకటించడమైనది. జనరేటరు ఒకటి, అది చెడితే ఇంకొకటి, కాపలాకి ఇద్దరు మనుషులు మంజూరు చేయడమైనది. పేటికలోని మంచు కేంద్రం గడప దాటి బయటికి పోరాదు. హిమక్రీడా కేంద్రం పేరు హిమదర్శన కేంద్రంగా మార్చడమైనది. సందర్శకులు తగ్గకుండా చూడవలసిన బాధ్యత పరాంకుశం గారిది.

గడప దాటకూడదనే మాట వినగానే చిలకమ్మకి మళ్ళీ నీరసం వచ్చింది. ప్యాకులు గడప దాటకపోతే మెట్టగుడ ఎలా వెళ్తాయి? ఒక్క నిమిషం ఆలోచించింది. తర్వాత పరాంకుశం గారి దగ్గరకి వెళ్ళి, చాలా నెమ్మదిగా, "సార్, మీకు సందర్శకులు కావాలి కదండి? కొండ మీద గూడేల్లో చాలామంది ఉన్నారు. పాపం, వాళ్ళు పుట్టి బుద్ధెరిగి మంచు చూడలేదు. మీ జీపు పంపితే బుధవారం బుధవారం వస్తారు" అంది.

పరాంకుశం గారు ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు. "అమ్మా, మీలో ఇంతటి పర్యాటక దృష్టి ఉందని నాకు తెలియదు!"

సోమవారం సాయంత్రానికి ఫ్రీజరు మళ్ళీ దాని చోటికి అది చేరింది. పసుపూ కుంకుమా అలాగే ఉన్నాయి. జనరేటరు దడదడలాడింది. ఆ రెండు రాత్రులూ, మొదటిసారి, నీలిగొందిలో కరెంటు పోలేదు. అడుగున ప్యాకులు రాళ్ళలా గడ్డకట్టాయి. మంగళవారం బస్సులో తట్టు టీకా మందు వచ్చింది. చిలకమ్మ ప్యాకుల మధ్య దాన్ని పెట్టెలో సర్దుకుంది. పెట్టె గడప దాటలేదు. దాటవలసిన పని లేదు.

బుధవారం తొమ్మిదింటికి మెట్టగుడకి, ఆ పై గూడేలకి జీపు వెళ్ళింది. ఆ దారిన అంతకు ముందు జీపు ఎక్కిందే లేదు. కాన్పు నొప్పులకి పిలిచినా ఎక్కలేదు, పాము కరిచిందన్నా ఎక్కలేదు. మంచు చూపించడానికి మూడుసార్లు ఎక్కి దిగింది. ఇరవై ఏడు మంది తల్లులు, ఇరవై తొమ్మిది మంది పిల్లలు దిగారు.

గుమ్మం దగ్గర కాపలా మనిషి సందర్శకుల పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. పేరు, వయస్సు, వచ్చిన ఊరు, హిమదర్శనానంతరం కలిగిన అనుభూతి, మళ్ళీ సందర్శించు ఉద్దేశము కలదా. పిల్లలు తల్లుల చంకల్లో నవ్వుతూ లోపలికి వెళ్ళారు. చిలకమ్మ ఫ్రీజరు తలుపు తీసి ఒక్క క్షణం మంచు చూపించింది, రూలు రూలే. వెంటనే పెట్టెలోంచి మందు తీసి, సూది వేసింది. పిల్లలు ఊరు దద్దరిల్లేలా ఏడుస్తూ బయటికి వచ్చారు.

పరాంకుశం గారు వసారాలో నిలబడి, ఆ ఏడుపులు వింటూ, ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నారు. ఆయన కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

"చూశారా? నవ్వుతూ వెళ్ళినవాళ్ళు ఒక్కరూ నవ్వుతూ రాలేదు. చివరి మంచు చూసి పసిపిల్లలు సైతం తట్టుకోలేకపోతున్నారు! ఇది నివేదికలో మొదటి పేజీలో రావాలి."

ఆఖరున సుబ్బి వచ్చింది. దొయిమతి చిలకమ్మ ముక్కుపుడక పట్టుకుని లాగుతూ ఆడింది. చిలకమ్మ దాని చెయ్యి నెమ్మదిగా విడిపించి, కుడి భుజం తుడిచి, సూది వేసింది. దొయిమతి ఒక్క క్షణం ఆశ్చర్యపోయి చూసి, తర్వాత అందరికంటే గట్టిగా అందుకుంది. సుబ్బి పిల్లని గుండెకి అదుముకుని నిలబడిపోయింది. అప్పుడు కూడా ఏమీ అనలేదు. కాకపోతే చిలకమ్మ చెయ్యి పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు.

కాపలా మనిషి పుస్తకం లోపలికి తెచ్చాడు. "సిస్టరుగారూ, ఈ పిల్లది ఆఖరు గడి మిగిలిపోయిందండి. మళ్ళీ సందర్శించు ఉద్దేశము కలదా?"

రెండో విడత టీకా ఎప్పుడో చిలకమ్మకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. పుస్తకం తీసుకుని, అంకెల మీద అభిప్రాయం ఎవరూ అడగని ఆ చేతివ్రాతతోనే, గడిలో ఇలా రాసింది.

"కలదు. పదహారో నెలలో."